వానకు బాధ్యుడు

రోజర్స్ సెంపీజ్జా గారి మీద నాదొక ఫిర్యాదు. ఆయన తన పని ఏ లోటూ లేకుండా చేశారు.

మసాకా దగ్గర చిత్తడి నేల అంచున నాది ఇటుకల పని. మట్టి తొక్కడం, అచ్చు పోయడం, ఆరబెట్టడం, వానలకు ముందే బట్టీ కాల్చడం. ఇరవై ఆరేళ్లుగా అజ్ఞానం కొద్దీ ఇలాగే ఇటుకలు తయారైపోయేవి. ఈసారి ఊరి హైస్కూలు వారు పద్దెనిమిది వేల ఇటుకలకు బయానా ఇచ్చి, హామీగా నా స్థలం కాగితం తీసుకుని, రాజధాని కంపాలా నుంచి ప్రాజెక్టు మేనేజరును కూడా దయచేయించారు.

సెంపీజ్జా గారు తెల్ల హెల్మెట్‌తో దిగేసరికి బట్టీ పేర్చి ఉంది. నిప్పు పెట్టడమే తరువాయి. అందుకని సమావేశాలు మొదలయ్యాయి. రోజూ ప్రార్థన, పరిచయాలు, అతిథి ప్రసంగం, వందన సమర్పణ. బట్టీ గోడకు రంగు కాగితాలు అతికించారు. కట్టెలు మోసేవాళ్లు వాటిని చదవలేక గౌరవంగా చూసేవారు.

నిప్పు పెట్టే మా పెద్దాయన కిగ్గుండు ఒక పొద్దున చెయ్యెత్తాడు. "బాబూ, అవతలి కొండ మీద వాన దిగింది. ఉసిళ్లు లేచాయి చూడు. ఇవాళే అంటించేద్దాం."

"తాతా, ఉసిళ్లు ప్రణాళికలో లేవు."

"ఎట్టా ఉంటయ్? వాటికి చదువు రాదు గదా! వేపుకుని తిందువుగాని, ముందు ఆ అగ్గిపెట్టె ఇటియ్యి."

సెంపీజ్జా గారు నొచ్చుకోలేదు. లేచి ప్రసంగించారు: "నిప్పు ఎవరైనా పెడతారు! పెట్టే ముందు ఎంత ఆలోచించామన్నదే అభివృద్ధి!" చప్పట్లు. నేనూ కొట్టాను.

ఆ మీదట ప్రమాదాల పట్టిక వేశారు. ఏడో ప్రమాదం, వాన. ప్రతి ప్రమాదానికీ ఒక బాధ్యుడు ఉండాలట. "లుటాయా అన్నా, వాన మీది" అని కాగితం నా ముందుకు జరిపారు. నాలుగో తరగతిలో బడి మానినవాణ్ణి. నాకు ఎవరైనా పదవి ఇవ్వడం అదే మొదలు. సంతకం పెట్టాను.

గురువారం వందన సమర్పణ వేళకు వాన వచ్చింది. నాలుగు గంటలు కురిసింది. పద్దెనిమిది వేల పచ్చి ఇటుకలు తిరిగి మట్టిలో కలిశాయి. రంగు కాగితాలు మాత్రం ప్లాస్టిక్ తొడుగుల్లో భద్రంగా ఉన్నాయి.

నివేదికలో విజయం తొంభై నాలుగు శాతమని తేలింది. ముప్పై ఒక్క సమావేశాలూ అనుకున్న వేళకే జరిగాయి. లోపం ఒక్కటే: వాన బాధ్యుడు వానను ఆపలేదు. స్కూలు వారు సెంపీజ్జా గారికి శాలువా కప్పి, బయానా కింద నా స్థలం జమ చేసుకున్నారు.

ఇప్పుడక్కడ ఆయన మేనేజర్ల శిక్షణ కేంద్రం లేచింది. దాని ఇటుకలు పక్క ఊళ్లో కిగ్గుండు కాల్చినవి. ఆ ఊరికి మేనేజరు లేడు.

మీరు నవ్వుతున్నారు గానీ, చేరడానికి వచ్చినవాళ్ల వరుసలో మీ అబ్బాయిని చూశాను. ఫీజు చేతిలో పట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు. ఆ వరుస నిలబడిన నేల రోడ్డు వైపు యాభై అడుగులు, చిత్తడి వైపుకు వంద అడుగులు. మొత్తం నాది.