కూసిన బొంత

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. గడియారాలు బాగుచేసే ఇంటాయన, కనబడిన గుడ్డనల్లా కత్తిరించే ఆయన భార్య కత్తెరమ్మ, వాళ్ళ అమ్మాయి, చెప్పాపెట్టకుండా పొద్దున్నే దిగిన ఆయన అక్క. ఆవిడ పేరుమోసిన దర్జీ. ఐదో శాల్తీ ఆయన చారల చొక్కా. అది మాత్రం నిన్న సాయంత్రం నుంచి కనబడటం లేదు.

పన్నెండేళ్ళ చొక్కా. ఏది చారో ఏది మరకో దానికే తెలియదు. మర్నాడు ఇంటిల్లిపాదీ ఫొటో దిగాలి. ఆయన అదే వేసుకుంటానని భీష్మించాడు. అమ్మాయి ముందే ఏడ్చేసింది. "ఆ చొక్కా ఉంటే ఫొటోలో నేనుండను!"

అందుకే కత్తెరమ్మ ఉపాయం పన్నింది. పాతబట్టల దుకాణంలో కొన్న గౌన్లతో, దర్జీ కొట్టు పీలికలతో బొంత పైపొర సిద్ధంగా ఉంది. లోపల పరిచే పాతగుడ్డల మధ్య చొక్కాను పెట్టి, నాలుగువైపులా కుట్టేసింది. ఒకచోట సూది విరిగింది. "గుండీకి కూడా పొగరే" అని తిట్టుకుని, పక్కనుంచి పోనిచ్చింది.

"నా చొక్కా చూశావా?" భోజనాల దగ్గర అడిగాడు ఆయన.

"మీ చొక్కా నేనేం చేసుకుంటాను?"

"నా పంట్లాం సంచీ అయింది. తువ్వాలు మసిగుడ్డ అయింది. నేనింకా నేనుగానే ఉన్నానంటే ఆశ్చర్యంగా ఉంది."

"మిమ్మల్ని కత్తిరిస్తే చేతిగుడ్డ కూడా రాదు."

ఆయన గోడ గడియారం చూసి, పెరుగన్నం కలుపుకున్నాడు.

తరవాత దర్జీ వదినగారు కొత్త బొంత పరుచుకుని నడుం వాల్చింది. "కుట్టు వంకరే గానీ మెత్తగా ఉందమ్మాయ్" అని కత్తెరమ్మతో చెప్పి కళ్ళు మూసింది.

సరిగ్గా మూడింటికి బొంత కూసింది.

వదినగారు పడుకున్నది పడుకున్నట్టే లేచి గోడను కరుచుకుపోయింది. అమ్మాయి తాగుతున్న నీళ్ళు కిటికీ మీద పడ్డాయి. కత్తెరమ్మ గబుక్కున బొంత మీద దిండు పడేసింది.

"ఏమిటిది?"

"ఎలుకేమో వదినా."

"ఎలుక అలారం కొడుతుందా?"

ఇంటాయన తాపీగా పేపరు మడిచాడు. "చొక్కా చోరజేబులో చిన్న వాచీ పెట్టాను. ఎక్కడ దాచినా అదే పిలుస్తుందని."

వదినగారు కత్తెర అందుకుని కుట్లు విప్పింది. చారల చెయ్యి ఒకటి బయటికొచ్చింది. దాన్ని చూసి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"కొట్టు తెరిచిననాడు నేను కుట్టిన మొదటి చొక్కా! ఇన్నేళ్ళూ దాచుకున్నావురా తమ్ముడూ!"

"మీరు కుట్టిందా?" కత్తెరమ్మ ఆ చారల చెయ్యి తడిమి చూసింది. భర్త వైపు తిరిగింది. "ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వు చొక్కాను తిట్టినప్పుడల్లా అక్కను కూడా తిట్టించడం ఎందుకని."

వదినగారు చొక్కా ఎత్తి వెలుతురులో చూసింది. "ఇది చివికిపోయిందిరా. పనికిరాదు."

కత్తెరమ్మకు ప్రాణం లేచొచ్చింది. అది మళ్ళీ కూర్చోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఈ చొక్కా తానులో మిగిలిన గుడ్డంతా నీ బొంతకని తెచ్చానమ్మాయ్. బొంతకెందుకూ? రాత్రికల్లా అందరికీ కుట్టేస్తాను. ఫొటోలో నలుగురికీ ఒకే చారలు! పదరా తమ్ముడూ, కొలతలు తీస్తాను."

"వదినా, నాకు వద్దు... నా కొలతలు..."

"నీవి చూస్తేనే తెలుస్తున్నాయిలే" అంటూ వదినగారు తమ్ముణ్ణి గదిలోకి లాక్కెళ్ళి తలుపేసేసింది.