ఏకాభిప్రాయంతో తిరిగిన ప్రొపెల్లర్

ప్రజలకు సంతోషంతో తెలియజేయునది ఏమనగా, మన రేవులో దిగబోయే కొత్త లాంచీ ప్రొపెల్లర్ ఎటు తిరగాలో జలరవాణా శాఖ మూడు వారాల్లో తేల్చేసింది. ఇదేమంత గొప్ప అనకండి. అదే శాఖకు టిక్కెట్ల కిటికీ రంగు తేల్చడానికి రెండేళ్లు పట్టింది.

పని మొదలుపెట్టింది శాఖలోని ఏకైక ఇంజనీరమ్మ. ప్రొపెల్లర్ బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించి, చుట్టూ నీళ్లు నింపి, ఇరుసు చూపించి, నిమిషానికి ఎన్ని చుట్లో రాస్తే, నిజం నీళ్లలో అది ఎలా పనిచేస్తుందో సాఫ్ట్‌వేర్ ముందే చెప్పేస్తుంది. ఆవిడ ఆరువందలని రాసింది. అంకె ముందు ప్లస్ పెడితే ఒకవైపు, మైనస్ పెడితే రెండోవైపు తిరుగుతుంది. ఆవిడ ప్లస్ పెట్టింది. పైవారి అనుమతి లేకుండా పెట్టింది.

ఆ లాంచీ నడపబోయే సరంగు ఆవిడకు స్వయానా మేనమామ. అందుకే పనిమీద అవసరానికి మించిన శ్రద్ధ చూపిందని ఫైల్లో నమోదు చేశారు.

కమిటీ కూర్చుంది. బల్ల మధ్య ఇత్తడి నమూనా పెట్టి తిప్పారు. తలుపు వైపున్న డైరెక్టరు గారికి అది కుడికి తిరిగింది. ఎదురుగా కిటికీ వైపున్న ఉపడైరెక్టరు గారికి ఎడమకు తిరిగింది. ఒక్కసారి అటువాళ్లు ఇటొచ్చి చూడమని ఇంజనీరమ్మ బతిమాలింది. ఎవరి కుర్చీ వారి ఇరవయ్యేళ్ల కష్టార్జితం గనక ఎవరూ లేవలేదు. మూడో వారం డైరెక్టరు గారు గొంతు సవరించుకున్నారు.

"మనలో మనకు భేదాలు వద్దు. నా ప్లస్ ఆరువందలూ వారి మైనస్ ఆరువందలూ కలిపి సగం చేయండి. ఎవరి మనసూ నొప్పించని అంకె రావాలి."

"సున్నా వస్తుంది సార్. అప్పుడది తిరగదు," అంది ఇంజనీరమ్మ.

"కమిటీ తిరగమంటే తిరుగుతుంది. మీరు టైపు చెయ్యండమ్మా."

సున్నా టైపయింది. నాలుగు రోజులుగా రొప్పుతున్న కంప్యూటర్ నిమిషంలో పని ముగించింది. ప్రొపెల్లర్‌కు అదురు లేదు, చప్పుడు లేదు, అరుగుదల లేదు. ఇంత బుద్ధిమంతురాలైన యంత్రాన్ని శాఖ ఎన్నడూ ఎరగదు. ఇంజనీరమ్మ నివేదిక అడుగున 'ఇది లాంచీని అంగుళం కూడా కదిలించదు' అని రాసి సంతకం పెట్టింది. డైరెక్టరు గారు దాన్ని భద్రతకు హామీగా స్వీకరించి, రేవులో అదే మాట పెద్దక్షరాలతో బోర్డు రాయించారు. తిరగని ప్రొపెల్లర్‌కు ఇంజనెందుకని దాన్ని పీకించి, ఆ చోట ఎనిమిది బెంచీలు వేయించారు.

ప్రారంభోత్సవం రోజున తాడు విప్పగానే లాంచీ ప్రవాహం వెంట దిగువకు కొట్టుకుపోయింది. కదిలింది కదా అని గట్టుమీద జనం చప్పట్లు కొట్టారు. సరంగు గెడ వేసి, నానా తంటాలు పడి, సాయంత్రానికి అవతలి గట్టు చేర్చి కూలబడ్డాడు.

"అరవై దగ్గరపడ్డాయే తల్లీ. ఇంకో వారం ఇలా గెడ వేస్తే ఈ కుడిచెయ్యి పైకి లేవదు. ఇంజను పెట్టించు," అన్నాడు మేనకోడలితో.

శాఖ తక్షణమే స్పందించింది. మర్నాటి నుంచి టిక్కెట్‌తో పాటు తెడ్డు ఇస్తున్నారు. ప్రయాణికులు మొదటిరోజు సణిగారు. రెండోరోజు అలవాటుపడ్డారు. మూడోరోజు, పక్కవాడు సరిగ్గా లాగడం లేదని ఫిర్యాదు చేశారు.

ఇంజను తిరిగి పెట్టాలని అర్జీ రాసుకుని ఇంజనీరమ్మ రోజూ బెంచీ బెంచీకీ వెళ్తోంది. చదివినవాళ్లంతా అక్షరం అక్షరం నిజమంటున్నారు. సంతకం దగ్గరకొచ్చేసరికి, "తెడ్డు వదిలితే ఆలస్యమైపోతుందమ్మా," అంటున్నారు. ఇప్పటికి రెండు సంతకాలున్నాయి. ఒకటి ఆవిడది, రెండోది సరంగు ఎడమచేత్తో గీసినది. మూడోది తీరికైనప్పుడు మీరు పెడుదురుగాని. ఇప్పుడు వద్దులెండి, లాగుతున్నారుగా.