కారణం తెలియని ధన్యవాదం

ఆ రోజు పొద్దున్న పేజీలమ్మ పెట్టుకున్న పనులు మూడే. బట్టలు ఆరేయడం, వంటింటి కుళాయి కారుతోందని భర్తకు గుర్తుచేయడం, స్క్రూడ్రైవర్‌కి థాంక్స్ చెప్పడం. మొదటి రెండూ తొమ్మిదింటికల్లా అయిపోయాయి. మూడోదానికి ఐదు నిమిషాలు చాలనుకుంది.

పేజీలమ్మ ఇంట్లోనే కూర్చుని ప్రెస్సులకు కంప్యూటర్ మీద పుస్తకాల పేజీలు అమర్చి ఇస్తుంది. అపార్ట్‌మెంట్‌లో అసలు పేరు ఎప్పుడో మరిచిపోయి అందరూ అలాగే పిలుస్తారు. ఆమె వాడే సాఫ్ట్‌వేర్ ఊరికే దొరికేది. అది ఏ కంపెనీ సొత్తూ కాదు. తెలిసినవాళ్ళెవరైనా దాని లోపలి కోడ్ తెరిచి చూడొచ్చు, బాగుచేయొచ్చు, పదిమందికీ పంచొచ్చు. చిక్కొస్తే ఫోన్ చేయడానికి ఆఫీసంటూ లేదు. ఒక వెబ్‌సైటు మాత్రం ఉంది. అక్కడ ప్రశ్న రాస్తే, తమ ఉద్యోగాలు తాము చేసుకుంటూ తీరిక దొరికినప్పుడల్లా తొంగిచూసే కొందరు జవాబిస్తారు. వాళ్ళకు జీతం లేదు, ముఖం కనబడదు, పేర్లు కూడా సొంతంగా పెట్టుకున్నవే. అలాంటివారిలో ఒకాయన పేరు స్క్రూడ్రైవర్.

నాలుగు రోజుల కిందట పిల్లల ఆసుపత్రి వాళ్ళ నర్సుల చేతిపుస్తకం పేజీలు పెడుతుంటే, వత్తులన్నీ అక్షరాలను వదిలేసి పక్కకెళ్ళి నిలబడ్డాయి. నూట పన్నెండు పేజీలు. ఏ వయసు బిడ్డకు ఏ మందు ఎంత పట్టాలో చెప్పే పుస్తకం. స్క్రూడ్రైవర్ ఒక ఫాంటు పేరు చెప్పి, అది పెట్టి చూడమన్నాడు. పెట్టగానే వత్తులు బుద్ధిగా సొంతింటికి చేరుకున్నాయి. ఫైలు ప్రెస్సుకి వెళ్ళింది. ఈ రోజు మధ్యాహ్నం రెండింటికి మిషన్ ఎక్కుతుంది.

థాంక్స్ చెప్పాలన్న ఆలోచన నిజానికి అత్తగారిది.

"రెండేళ్ళ నుంచీ స్క్రూడ్రైవరు చెప్పాడు, స్క్రూడ్రైవరు చెప్పాడు అంటావు. ఆయనకి ఒక్కసారైనా థాంక్స్ చెప్పావా?"

"చెప్పే ఉంటానత్తయ్యా," అంటూ పేజీలమ్మ పాత సందేశాలు తిరగేసింది. ముప్పై ఒక్క ప్రశ్నలు అడిగింది. ముప్పై ఒక్క జవాబులు వచ్చాయి. ఆ తరవాత ప్రతిసారీ ఆమె తెర మీద ఆ వెబ్‌సైటు కిటికీ మూసేసి తన పని తాను చూసుకుంది. సిగ్గుపడి అప్పటికప్పుడు రాయడం మొదలుపెట్టింది.

"స్క్రూడ్రైవర్ గారికి, మీరు చెప్పినట్టే చేశాను. అంతా బాగుంది. ఇప్పుడు ఏమీ అడగడానికి రాలేదు. కేవలం ధన్యవాదాలు చెప్పడానికే వచ్చాను."

పంపబోతే, అది ఏ రకమో ఎంచుకోమంది వెబ్‌సైటు. పనిచేయడం లేదు, నెమ్మదిగా ఉంది, ఇతర సమస్య. ఉన్నవి ఆ మూడే. పేజీలమ్మ 'ఇతర సమస్య' నొక్కింది.

మూడు నిమిషాల్లో స్క్రూడ్రైవర్ వచ్చేశాడు. "ఎర్రర్ ఏమొస్తోందండీ?"

"ఏ ఎర్రరూ రావట్లేదండీ."

"స్క్రీన్ ఫొటో పెట్టండి."

"దేనిదండీ?"

"సమస్యది."

"సమస్యేమీ లేదండీ."

తరవాత, "ఎప్పటినుంచి లేదు?" అని వచ్చింది.

ఈలోగా 'చాదస్తం' అనే ఇంకో సహాయకుడు దిగాడు. ప్రశ్నలో కామా లేకపోతే జవాబివ్వని మనిషి. "నేనిక్కడ తొమ్మిదేళ్ళుగా ఉన్నాను. సమస్య లేకుండా ఇటు వచ్చినవాళ్ళని చూడలేదు. ఈవిడ అకౌంటు ఎవరో దొంగిలించి ఉండాలి. అమ్మా, మీరు మీరేనా? అయితే మీరిక్కడ అడిగిన మొట్టమొదటి ప్రశ్న ఏమిటో చెప్పండి."

పేజీలమ్మ తడుముకుని, "మార్జిన్ల గురించి," అని రాసింది. అసలది పేజీ నంబర్ల గురించి. చాదస్తం అనుమానం బలపడిపోయింది.

"ఏమన్నారేమిటి?" అత్తగారు టీ గ్లాసుతో వచ్చి వెనకాల నిలబడింది.

"నమ్మట్లేదత్తయ్యా."

"థాంక్స్ చెబితే నమ్మకపోవడమేమిటి? ఏదీ, ఏం రాశావో చూడనీ. ఇంత పొడిపొడిగా రాస్తే ఎవరు నమ్ముతారు! మనసు విప్పి రాయి."

పేజీలమ్మ మనసు విప్పింది. "మీ మేలు ఈ జన్మలో మరిచిపోలేను. ఇన్నాళ్ళూ మీరే లేకపోతే నేనేమైపోయేదాన్నో. ఇంక నాకు ఏ చింతా లేదు. సెలవు."

ఈసారి జవాబు అర నిమిషంలో వచ్చింది. "అమ్మా, కంగారుపడకండి. ఇంట్లో మీతో ఎవరైనా ఉన్నారా? వాళ్ళని ఒక్కసారి పిలవండి. నేను ఇక్కడే ఉంటాను, ఎక్కడికీ వెళ్ళను."

"చూశావా, ఎంత మంచివాడో! నన్ను అడుగుతున్నాడు," అంది అత్తగారు మురిసిపోతూ. "ఉన్నానని చెప్పు."

బూట్లు వేసుకుంటున్న భర్త లిఫ్టు మెకానిక్. గొడవంతా విని నవ్వాడు. "వాళ్ళదేం తప్పు? లిఫ్టు చక్కగా పైకీ కిందికీ తిరుగుతోందండీ అని నాకెవరైనా ఫోన్ చేస్తే, నేనూ సామాను తీసుకుని పరిగెత్తుతాను." ఇంతలో కుళాయి సంగతి మళ్ళీ ఎత్తుతారేమోనని తలుపు దగ్గరగా వేసుకుని వెళ్ళిపోయాడు.

పది గంటలకు, ఆ వెబ్‌సైటును నడిపే పెద్దక్క కల్పించుకుంది. ఆవిడను ఎవరూ చూడలేదు, మాట మాత్రం ఎవరూ జవదాటరు. పేజీలమ్మ ఉత్తరం పైన 'ధన్యవాదాలు: కారణం తెలియదు' అని పేరు పెట్టి, పక్కన ఎర్రటి అక్షరాలతో 'పరిశీలనలో ఉంది' అని తగిలించింది. ఆ ఎరుపు చూసి, ఎప్పుడూ నోరు విప్పని సహాయకులు కూడా పదిహేనుమంది దాకా పోగయ్యారు. ఒకరు ఆమె కంప్యూటరు వేడెక్కుతోందా అని అడిగారు. ఇంకొకరు ఆమెకు ఎవరైనా డబ్బు ఆశ చూపించారా అని అడిగారు. మూడో ఆయన మాత్రం, "ఒకవేళ నిజంగానే థాంక్స్ చెబుతున్నారేమో?" అన్నాడు. కొత్తగా చేరినవాడు కాబోలు, ఎవరూ పట్టించుకోలేదు.

పదకొండింటికి ప్రెస్సు ఓనరు ఫోన్ చేశాడు.

"ఏమ్మా, మీ ఫైలుకేదో అయిందటగా? మా ఆపరేటరు ఆ సైటు చూస్తుంటాడు. పరిశీలనలో ఉందని ఎర్రగా రాశారట. మన పని పక్కన పెట్టించేశాను."

"ఏమీ కాలేదండీ బాబూ! నేను థాంక్స్ చెప్పానంతే."

"అదే నేనూ అడిగేది. ఎందుకు చెప్పారూ?"

"దయచేసి రెండింటికి మిషన్ ఎక్కించండి."

"కుదరదమ్మా. ఆసుపత్రి పని. వాళ్ళకో మాట చెప్పే ఉంచాను."

ఆ మాట ఆసుపత్రికి ఎలా చేరిందో మరో పది నిమిషాల్లో తెలిసింది. ఈసారి ఫోన్‌లో హెడ్ నర్సు. "మా పుస్తకానికి వైరస్ పట్టిందటగా?"

"లేదు మేడమ్! అయినా ఆ వైరస్ కంప్యూటర్లకి వచ్చేది. అసలు అదీ లేదు."

"అందరూ మొదట అలాగే అంటారు. మాది పసిపిల్లల వార్డు, పూర్తిగా తగ్గేదాకా పుస్తకం ఇటు పంపకండి. ఎన్ని రోజులు విడిగా ఉంచుతున్నారు?"

పేజీలమ్మకు ఒళ్ళు మండిపోయింది. మంచికి పోతే వచ్చిన తంటా ఇది. ప్రెస్సు పోయేటట్టుంది, ఆసుపత్రి పోయేటట్టుంది, పైగా తను తనేనని ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు. పుస్తకాన్ని బయటివాళ్ళకు చూపించడానికి హెడ్ నర్సు దగ్గరే సరేననిపించుకుని, ప్రెస్సుకి పంపిన ఫైలు మొత్తం తెచ్చి వెబ్‌సైటులో పెట్టింది. కింద ఇలా రాసింది.

"ఇదిగో నా ఫైలు. నూట పన్నెండు పేజీలు. ఒక్క తప్పు చూపించండి. చూపించలేకపోతే నా థాంక్స్ తీసుకుని నోరు మూసుకోండి."

పంపేముందు 'నోరు మూసుకోండి' కొట్టేసి 'సెలవిప్పించండి' అని మార్చింది.

నలభై నిమిషాలు ఎవరూ పలకలేదు. పేజీలమ్మ గెలిచాననుకుని ఆరిన బట్టలు తీసుకొచ్చి మడతపెట్టింది. సగంలో ఉండగా చాదస్తం రాశాడు.

"నలభై ఒకటో పేజీ. పది కిలోల బిడ్డకు ఇరవై ఐదు మిల్లీలీటర్ల సిరప్పా? నేను డాక్టర్ని కాను, అందుకే అడుగుతున్నాను."

పేజీలమ్మ ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితం చూసింది. 2.5. సాఫ్ట్‌వేర్‌లో తను పెట్టిన పేజీ తెర మీద చూసింది. 2.5. ప్రెస్సుకి పంపిన ఫైలు తెరిచింది. 25. కింది వరసలో 1.5 ఉండాల్సిన చోట 15. దాని కింద 0.5 ఉండాల్సిన చోట 05. పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది.

పట్టికల్లో అంకెలన్నీ లావు అక్షరాల్లో పెట్టింది. స్క్రూడ్రైవర్ చెప్పిన ఫాంటులో లావు అక్షరాలకు చుక్క లేదు. తెర మీద చూపించేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ చుక్కను వేరే ఫాంటు నుంచి అరువు తెచ్చి చూపించింది. ప్రెస్సు ఫైలు తయారుచేసేటప్పుడు ఆ అరువు చుక్కలన్నీ రాలిపోయాయి. ఆ ఫైలును పేజీలమ్మ రెండుసార్లు చూసింది. చూసినంతసేపూ కళ్ళు వత్తుల మీదే ఉన్నాయి.

ఫోన్ అందుకుంది. "మిషన్ ఎక్కించారా?"

"ఆపానని చెప్పాగా," అన్నాడు ప్రెస్సు ఓనరు.

"ఆపే ఉంచండి. మీకు పుణ్యముంటుంది."

"ఇందాక ఎక్కించలేదని కోప్పడ్డారు కదమ్మా?"

"ఇప్పుడు ఎక్కిస్తే కోప్పడతాను!"

ఫోన్ పెట్టేసి చూసేసరికి తెర మీద స్క్రూడ్రైవర్ రాసింది కనబడింది. "ఆ ఫాంటు చెప్పింది నేనే. మీ ఒక్కరికే కాదు, ఇప్పటికి నలుగురైదుగురికి చెప్పాను. చెప్పాక ఎవరూ మళ్ళీ రాలేదు. రాలేదంటే కుదిరిందనుకున్నాను. ఇక్కడ నాకు తెలిసే దారి అదొక్కటే. మందు చెప్పడం వరకే నా వంతు, మనిషి లేచి తిరుగుతున్నాడో లేదో తెలియదు."

పేజీలమ్మ ఆ నాలుగు ముక్కలూ రెండుసార్లు చదివింది. కిటికీ మూసేసిన ముప్పై ఒక్క సార్లూ గుర్తొచ్చాయి. కానీ బాధపడుతూ కూర్చోవడానికి టైము లేదు. పెద్దక్క అప్పటికే, చుక్కలు ఎక్కడెక్కడ రాలాయో వెతకమని నూట పన్నెండు పేజీలనూ పదిహేనుమందికీ పంచేసింది. స్క్రూడ్రైవర్ మూడు ఫాంట్లు ప్రయత్నించి, వత్తులూ చుక్కలూ రెండూ నిలిచేది ఒకటి పట్టాడు. చాదస్తం, తను చూసింది ఇంకొకరు చూస్తే తప్ప లెక్కకు రాదని పట్టుబట్టాడు. ఆ రోజు మొదటిసారి ఎవరూ విసుక్కోలేదు.

ఇంట్లో అత్తగారు ఆసుపత్రి కాగితాలు ముందేసుకుని కూర్చుంది. "రెండు చుక్క అయిదు," అని ఆవిడ చదవడం, "ఉంది," అని పేజీలమ్మ అనడం. "సున్నా చుక్క ఏడు." "ఉంది." ఫోన్‌లో హెడ్ నర్సు ఆ అంకెలు వింటూ, మందు మందుకీ సరేనంటోంది. ఒకచోట ఆవిడే ఆపి, "ఆగండాగండి. ఇది మేమే తప్పు రాసిచ్చాం," అంది. అది కూడా దిద్దారు.

సాయంత్రం ఐదింటికి కొత్త ఫైలు ప్రెస్సుకి వెళ్ళింది.

"వైరస్ తగ్గిందా?" అంది హెడ్ నర్సు.

"తగ్గింది మేడమ్," అంది పేజీలమ్మ. వివరించే ఓపిక లేదు.

అప్పుడు మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఒక వాక్యం రాసి కొట్టేసింది. ఇంకొకటి రాసి కొట్టేసింది. చివరికి ధైర్యం చేసింది.

"స్క్రూడ్రైవర్ గారూ, కుదిరింది. ఈసారి చుక్కలన్నీ లెక్కపెట్టుకుని మరీ చెబుతున్నాను. ధన్యవాదాలు. మీకూ, చాదస్తం గారికీ, అందరికీ."

అవతల ఆయన ఏదో టైపు చేస్తున్నట్టు గుర్తు కనబడింది, ఆగిపోయింది, మళ్ళీ కనబడింది. ఎంతసేపటికో జవాబొచ్చింది. "ఏం రాయాలో తెలియడం లేదండీ. దీనికి నేనెప్పుడూ జవాబు రాయలేదు."

"ఫరవాలేదు అని రాయండి."

"ఫరవాలేదు," అని రాశాడు స్క్రూడ్రైవర్.

అత్తగారు పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎందుకని అడిగితే, మధ్యాహ్నం నుంచీ అంకెలు చదివి చదివి కళ్ళు మండుతున్నాయంది.

మర్నాడే పెద్దక్క ఆ వెబ్‌సైటులో 'కుదిరింది' అని కొత్త విభాగం ఒకటి తెరిచి, సాయం అందుకున్నవాళ్ళందరూ వెనక్కొచ్చి ఒక్క మాట చెప్పి వెళ్ళాలని నియమం పెట్టింది. వారం తిరిగేలోపు నలభై మూడు ధన్యవాదాలు వచ్చాయి. చాదస్తం ఒక్కొక్కదాన్నీ క్షుణ్ణంగా పరిశీలించి, వాటిలో పదకొండు చెల్లవని తేల్చాడు.