దండెం దగ్గర పోట్లాట చూడవచ్చును

మా భవనం మేడమీద బట్టలారేసే దండెం దగ్గర రోజూ సాయంత్రం జరిగే పోట్లాటను నగరంలో చూడదగ్గ విశేషాల్లో చేర్చినట్టు సందర్శకుల సంతోష శాఖవారు ప్రకటించారు. నివాసుల సంఘం కార్యదర్శిగా ఈ వార్త మీకు తెలియజేయడం నా విధి. పోట్లాడే ఇద్దరిలో ఒకరు మా మేనత్త కావడం వల్ల నా గొంతులో కాస్త గర్వం వినబడితే మన్నించగలరు.

ఈ గౌరవం ఊరికే వచ్చిపడలేదు. మా నగరంలో చూడవలసినవి చాలా ఉన్నాయి. నగరమంతా కనిపించే ఎత్తైన టవరు ఒకటి ఉంది. పైకెక్కితే ఆ టవరు తప్ప అన్నీ కనిపిస్తాయి కాబట్టి జనం మళ్ళీ కిందికి దిగి, దానికి వీపు పెట్టి ఫోటోలు దిగుతారు. పెద్ద మ్యూజియం ఉంది. లోపలి వస్తువుల కన్నా బయట నిలబడ్డ వరసే పాతదని తెలిసినవాళ్ళు చెబుతారు. నది ఒడ్డున చక్కటి నడకదారి వేశారు, నదికి అడ్డంగా పడవ టికెట్ల కొట్లు కూడా కట్టారు. ఇవన్నీ చూసిన సందర్శకులు మాత్రం తృప్తి పడలేదు. కట్టడాలు బాగానే ఉన్నాయి, ఇన్ని భాషలవాళ్ళు కలిసి బతుకుతారని మీ పుస్తకంలో రాశారే, అదెక్కడ చూపిస్తారు అని అడిగారట. శాఖవారు తెల్లమొహం వేశారు.

వెంటనే గాలింపు మొదలైంది. రైళ్ళలో వెతికారు. రైలు నిండా రకరకాల భాషలవాళ్ళున్న మాట నిజమే గాని, ఒక్కరూ నోరు విప్పలేదు. అందరి చెవుల్లోనూ ఏదో ఒకటి దూర్చి ఉంది. అంగడి వీధిలో వెతికారు. అక్కడ ఒకరినొకరు ముచ్చటగా ఫోటోలు తీసుకుంటున్నవాళ్ళంతా సందర్శకులేనని తేలింది. పార్కులో చూస్తే కలిసిమెలిసి తిరుగుతున్నవి కుక్కలు. గొలుసుకి ఈ చివరనున్న మనుషులు ఎటో చూస్తున్నారు. చివరికి ఏదో బోర్డు తగిలించడానికి మా మేడెక్కిన ఒక అధికారి, ఆయన్ని సంతోషాధికారి అంటారు, మా అత్తయ్య గొంతు విని అక్కడే నిలబడిపోయాడు.

పోట్లాట వివరాలు కాస్త చెప్పాలి. మా మేనత్త మాతోనే ఉంటుంది. ఎదురు ఫ్లాటులో ఇంకో పెద్దావిడ కొడుకూ కోడలి దగ్గర ఉంటుంది. ఆవిడ భాష ఆ ఇల్లు దాటితే ఈ భవనంలో మరెవరికీ రాదు, ఆవిడ మనవలకే అంతంతమాత్రం. మా అత్తయ్యకి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. ఇద్దరికీ మేడమీద ఒకటే దండెం. మా అత్తయ్య తన దుప్పటిని కావాలనే ఓ జానెడు అవతలి వైపు జరిపి ఆరేస్తుంది. ఎదురింటావిడ ఆ క్లిప్పు తీసి, దుప్పటిని జానెడు వెనక్కి నెట్టి, మళ్ళీ క్లిప్పు పెడుతుంది. ఇక మొదలు. ఇద్దరూ చేతులు తిప్పుతూ, వేళ్ళు చూపిస్తూ, వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూసేంత గట్టిగా ఎవరి భాషలో వాళ్ళు అందుకుంటారు. అర్థం కాని మాటను గట్టిగా చెబితే అర్థమవుతుందని ఇద్దరి గట్టి నమ్మకం. గొంతులు ఎండాక ఫ్లాస్కులో టీ తాగి, బట్టలు మడతపెట్టుకుని, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగుతారు. దీన్ని మేమందరం పోట్లాట అనేవాళ్ళం. గట్టిగా వినబడుతోంది కదా మరి. దగ్గరికెళ్ళి వినే తీరిక ఎవరికుంది?

శాఖవారి ప్రతిపాదన మీద సంఘం సమావేశమైంది. ఒప్పుకుంటే లిఫ్టు బాగుచేయిస్తామని వాళ్ళు అనగానే, సభ్యులందరిలో బహుభాషా సంస్కృతి మీద అభిమానం ఒక్కసారిగా పొంగి చేతులు లేచాయి. బాగైన లిఫ్టు సందర్శకులకే పరిమితమని తర్వాత తెలిసింది. నివాసులు ఆయాసపడుతూ మెట్లెక్కడం కూడా చూడదగ్గ విశేషమేనట. ఈ హడావుడిలో అత్తయ్యని ఓ మాట అడగాలని ఎవరికీ తోచలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడే ఏదో చెప్పబోయింది. కన్ను మసగ్గా ఉందనీ, డాక్టరు గురువారం రమ్మన్నాడనీ, ఇంట్లోవాళ్ళెవరైనా వెంట ఉండాలన్నాడనీ. నేను శాఖవారి ఒప్పందం చదువుకుంటున్నాను.

"ఊఁ," అన్నాను.

"ఊఁ అంటే వస్తావా, రావా?"

"చూద్దాం అత్తయ్యా."

మర్నాటినుంచే శాఖవారు మేడకి మెరుగులు దిద్దారు. దండేనికి రంగు వేశారు. పక్కనే ఇత్తడి పలక పాతారు. మా అత్తయ్య చీరలు మరీ వెలిసిపోయాయని రంగురంగుల బట్టలు వాళ్ళే పంపారు. అవి ఆరిపోయి వచ్చాయి కాబట్టి, రోజూ వాటిని తడపడానికి ఒకాయన్ని నియమించారు. కుర్చీలు వచ్చాయి. ఆఖరుకి దుబాసీ కూడా వచ్చాడు. జీవితమంతా కోర్టులో సాక్షుల మాటలు తర్జుమా చేసి ఉద్యోగం విరమించిన పెద్దమనిషి. ఆ ఇద్దరి భాషలూ తెలిసినవాడు నగరం మొత్తానికి ఆయనొక్కడే దొరికాడు. కోర్టు ధోరణి తప్ప ఇంకో ధోరణిలో ఆయనకి నోరు తిరగదు. అయినా సందర్శకులకి అర్థమైతే చాలునని శాఖవారు సరిపెట్టుకున్నారు.

ప్రారంభోత్సవం సోమవారం జరిగింది. సంతోషాధికారి ప్రసంగం నాకు కంఠతా వచ్చేసింది.

"మిత్రులారా, ఇన్ని భాషలున్న నగరంలో ఇంత సామరస్యం ఎలా సాధ్యమైందని లోకం అడుగుతోంది. ఎవరి మాటా ఎవరికీ అర్థం కాకపోవడం వల్లేనని గిట్టనివాళ్ళు అంటున్నారు. ఆ అపవాదు ఇవాళ్టితో తుడిచిపెడుతున్నాం. ఇక్కడ ప్రతి మాటా అర్థమయ్యే ఏర్పాటు చేశాం. వినడం మన సంస్కృతి. వినడానికి కావలసిన పరికరాలు గుమ్మం దగ్గర ఇస్తారు. వెళ్ళేటప్పుడు దయచేసి తిరిగి ఇచ్చేయండి."

చప్పట్లు కొట్టాం. నేను ముందు వరసలో కూర్చుని, హోదాకి తగ్గట్టు హెడ్‌ఫోను పెట్టుకున్నాను. అత్తయ్య దుప్పటి బకెట్టుతో పైకి వచ్చి, కుర్చీలకేసి కళ్ళు చికిలించి చూసింది. "ఇంతమంది వచ్చారు, ఒక్కరి చేతిలోనూ తడిబట్ట లేదేమిటి?" అని ఎవరినో అడిగి, జవాబు రాకపోయేసరికి తన పని తాను చూసుకుంది. ఇంట్లో ఆవిడకది అలవాటే. దుప్పటి జానెడు జరిగింది. క్లిప్పు ఊడింది. సందర్శకులు ఊపిరి బిగబట్టారు. అత్తయ్య చూపుడువేలు ఆడిస్తూ గొంతెత్తింది, నా చెవుల్లో దుబాసీ గంభీరంగా పలికాడు.

"ఎదుటి పక్షం వారికి విన్నవించుకొనునది ఏమనగా, తాము మొన్న నాతోపాటు కంటి ఆసుపత్రికి వచ్చి, గంటల తరబడి బల్లపై కూర్చున్నందుకు కృతజ్ఞురాలను. శస్త్రచికిత్స గురువారమునాడని వైద్యుడు సెలవిచ్చినాడు. ఇంటివారిని వెంట తీసుకొని రమ్మన్నాడు. ఈ సంగతి మేనల్లునికి పలుమార్లు నివేదించితిని. సదరు మేనల్లుడు ఊఁ అనినాడు."

ఆసుపత్రికి ఎదురింటావిడ తోడు వెళ్ళిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. కార్యదర్శి హోదాలో తల పంకించాను. అంతలో ఎదురింటావిడ నడుంమీద చెయ్యి పెట్టుకుని, అంతకు రెండింతల గొంతుతో అందుకుంది.

"ప్రతివాది తెలుపునది ఏమనగా, నా కోడలు దుర్మార్గురాలు కాదు. మంచినీళ్ళు అడిగిన వెంటనే ఇచ్చును. అయితే ఇచ్చునప్పుడు సైతము ఫోనులో మాటలాడుచుండును. నాతోననుకొని నిన్న జవాబు చెప్పితిని. ఆమె నవ్వినది. పగలంతయు నా భాషలో ఒక్క మాటయు ఆడనందున, ఈ మేడకు వచ్చునప్పటికి నాలుక మొద్దుబారి ఉండును. తాము చెప్పునది నాకు బోధపడదు. అయినను తాము నా ముఖము చూచి చెప్పుచున్నారు. అందుచేత వచ్చుచున్నాను."

ఒక సందర్శకురాలు మధ్యలో లేచి మెట్లమీదికెళ్ళి, ఎవరికో ఫోను చేసి, అమ్మా ఏం చేస్తున్నావ్ అన్న ధోరణిలో ఏదో అడిగింది. శాఖవారు దాన్ని 'అసంతృప్తితో నిష్క్రమణ' కింద లెక్కవేసుకున్నారు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. హెడ్‌ఫోను వల్లనే అయ్యుంటుందని సర్దుకుంటుండగా అత్తయ్య చూపు నామీద పడింది. దండెం వదిలి దగ్గరికొచ్చింది.

"చెవులకి అదేంట్రా?"

"తర్జుమా అత్తయ్యా. నువ్వు మాట్లాడేది అర్థం కావడానికి."

"నీకా?"

ఆవిడ తడి దుప్పటి మళ్ళీ బకెట్లో వేసుకుని, ఎదురింటావిడ మోచెయ్యి పట్టుకుని కిందికి దిగిపోయింది. నాకు నిజంగా సిగ్గేసింది. ఆ సిగ్గును అనుభవించే వ్యవధి మాత్రం లేకపోయింది, ఎందుకంటే సందర్శకులు ఫిర్యాదులు చేయడానికి నా చుట్టూ మూగారు. పోట్లాట అని చెప్పి తీసుకొచ్చి ఇదేమిటని వాళ్ళ బాధ. ఇలాంటివి మా ఇళ్ళలో కూడా ఉన్నాయి, అక్కడైతే వినక్కర్లేదు కూడా అని ఒకాయన గట్టిగానే అన్నాడు.

మర్నాడు ఇద్దరూ మేడెక్కలేదు. సంతోషాధికారి ఏమాత్రం కంగారు పడలేదు. ఇద్దరు నాటకాల నటీమణుల్ని పంపించాడు. వాళ్ళు అద్భుతంగా పోట్లాడారు. జుట్లు పట్టుకున్నారు. తెలియని భాషల్లా ఉండేటట్టు ఏవో శబ్దాలు చేశారు, దుబాసీ వాటిని సైతం వాది ప్రతివాదుల పేరిట తర్జుమా చేశాడు. సందర్శకులు కన్నీళ్ళు పెట్టుకుని, ఇంత సహజమైన జీవితం ఎక్కడా చూడలేదని శాఖవారికి చెప్పి వెళ్ళారు. ఆ రెండురోజులు మా అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని ఉంది. దుప్పటి స్నానాలగదిలోనే ఆరింది. "అత్తయ్యగారు ఈమధ్య ఎంత నెమ్మదించారో చూశారా?" అంది మా ఆవిడ, తృప్తిగా. ఇంట్లో అందరం ఆ నెమ్మదిని మెచ్చుకున్నాం. బుధవారం రాత్రి నేను పనిగట్టుకుని ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని, "చెప్పు అత్తయ్యా, ఏమిటి విశేషాలు?" అని అడిగాను కూడా. "ఏముంటాయి నాయనా, పడుకో," అంది. అడగవలసింది అడిగాననే సంతృప్తితో పడుకున్నాను.

గురువారం పొద్దున్న వీధిలోకి వచ్చేసరికి సందర్శకుల బస్సు ఆగి ఉంది. మా పోట్లాటకి పేరొచ్చాక అది మా గుమ్మం ముందే ఆగి, కంటి ఆసుపత్రి మీదుగా పోతోంది. అందులోకి మా అత్తయ్యా, ఎదురింటావిడా ఎక్కుతున్నారు, ఒకరి చేతిలో ఫ్లాస్కు, ఇంకొకరి చేతిలో బట్టల సంచి. అప్పుడు గుర్తొచ్చింది. పరిగెత్తి ఎక్కాను. వాళ్ళ వెనక సీటులో కూర్చున్నాను.

ఆ బస్సులో ప్రతి సీటుకీ చెవులకి పెట్టుకునే పరికరం ఉంటుంది. ఎడమవైపు చూడండి అంటే ఎడమకి, కుడివైపు చూడండి అంటే కుడికి తలలన్నీ ఒక్కసారి తిరుగుతున్నాయి. టవరు వచ్చింది. తలలు లేచాయి. నా ముందున్న రెండు తలలు మాత్రం టవరుకేసి చూడలేదు, ఒకదానికేసి ఒకటి తిరిగి ఉన్నాయి. అత్తయ్య గట్టిగా చెబుతోంది. కంటికి కట్టు కట్టాక గదిలో ఒక్కదాన్నే ఉంటే భయమేస్తుందేమోనని చెబుతోంది. ఎదురింటావిడ అంతకన్నా గట్టిగా ఏదో అని ఆవిడ చెయ్యి నొక్కింది. తన మాటలు ఎవరికీ వినబడడం లేదని గైడు వాళ్ళని మందలించాడు. లేచి ముందుకి వంగాను.

"అత్తయ్యా, నేనూ వస్తున్నా ఆసుపత్రికి."

ఆవిడ తిరిగి చూసింది. మసక కంటికి నేనెంతవరకు కనిపించానో తెలీదు గాని, మొహం మాత్రం విప్పారింది. పక్కావిడ భుజం తట్టి, "వదినా, మావాడు వచ్చాడు," అని చాటింది. ఆవిడ కూడా అర్థమైనట్టు తల ఊపి, జరిగి నాకు చోటిచ్చింది.

"అయితే విను నాయనా," అంది అత్తయ్య. "అసలు డాక్టరు ఏమన్నాడంటే..."

నా ఫోను మోగింది. సంతోషాధికారి. కాదనడానికి వీల్లేని మనిషి.

"ఒక్క నిమిషం అత్తయ్యా," అన్నాను.

శుభవార్తే. దండెం దగ్గర పోట్లాట ఘనవిజయం సాధించిన సందర్భంగా, ఈ నగరంలో అత్యుత్తమ శ్రోతగా నన్ను ఎంపిక చేశారట. ఆదివారం సన్మానం. 'మనం ఒకరినొకరు ఎలా వింటాం' అనే అంశం మీద నేను మాట్లాడాలట. ఎంతసేపు మాట్లాడాలి, శాలువా ఏ రంగు, వేదిక మీద నా పక్కన ఎవరు కూర్చుంటారు, ఈ సంగతులన్నీ ఒక్కొక్కటీ మాట్లాడుకోవలసి వచ్చింది. మధ్యలో బస్సు ఎక్కడో ఆగినట్టు, ఎవరో నా భుజంమీద చెయ్యి వేసినట్టు గుర్తు. వస్తున్నా అన్నట్టు వేలు చూపించాను.

ఆ నిమిషం పూర్తయి తలెత్తేసరికి, బస్సు చివరి స్టాపులో ఆగి ఉంది. లోపల నేనొక్కణ్ణే ఉన్నాను.