అమ్మకు తెలియని జబ్బు

“బస్సు రాకపోతే ఏం చేస్తావే? వచ్చినా దారిలో ఆగిపోతే? నువ్వు వెళ్ళేసరికి తలుపులు వేసేస్తే?”

“తలుపులు వెయ్యడానికి అదేమన్నా బ్యాంకా అమ్మా, కాలేజీ!” చిట్టి చెప్పులు వేసుకుంటూ అంది. “కొత్త ఏడాది, కొత్త క్లాసు. మొదటిరోజు పాఠాలు కూడా ఉండవు. ఒకరికొకరం పరిచయం చేసుకుంటాం, అంతే.”

“తెలియనివాళ్ళతో ఎక్కువ మాట్లాడకు.”

“తెలియనివాళ్ళతోనే కదమ్మా పరిచయం చేసుకునేది!”

చిట్టి టిఫిన్ డబ్బా సంచిలో పడేసుకుని మెట్లు దిగిపోయింది. మలుపు తిరిగేదాకా తల్లి కిటికీలోంచి చూసి, ఏ లారీ రాలేదని నిర్ధారించుకున్నాక గాని లోపలికి రాలేదు.

ఆ రోజు ఆమె పెట్టుకున్న పని చిన్నదే. ఇల్లు దులిపి, దర్జీ దుకాణం వాళ్ళిచ్చిన చొక్కాలకు గుండీలు కుట్టి అప్పగించాలి. దులుపుతూ దులుపుతూ కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. చిట్టి దాన్ని ఆపకుండానే పోయింది. ఏడో తరగతితో బడి మానేసిన ఆ తల్లికి కంప్యూటరంటే పాలగిన్నె లాంటిదే, కాస్త ఏమరితే పొంగిపోతుంది. ఎలా ఆపాలో చూద్దామని వంగింది. తెరమీద కూతురి ఫొటో, దాని కింద తెలుగులో నాలుగు ముక్కలు కనబడ్డాయి. క్లాసు పిల్లలందరూ ముందుగా రాసి పంపాల్సిన పరిచయం అది.

‘నాకు చిక్కు లెక్కలంటే ఇష్టం. కిందటేడు మా అమ్మకు పెద్ద గుండెజబ్బు బయటపడింది…’

ఆపైన ఇంకా రెండు వాక్యాలున్నాయి. ఆమె చూపు అక్కడిదాకా వెళితే కదా! చేతిలో గుడ్డ జారిపోయింది.

మొదట నమ్మలేదు. తర్వాత ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. కిందటేడు వైద్య పరీక్ష చేయించుకుంటే, కాగితాలు మొగుడే వెళ్ళి తెచ్చి, “నీకేం, దుక్కలా ఉన్నావు” అన్నాడు. ఆ మనిషి నోట అంత మంచిమాట ఎన్నడైనా వచ్చిందా? నీళ్ళ బకెట్ నేను మోస్తానని చిట్టి లాక్కుంది. ఊరికే లాక్కుంటుందా? అనుమానం పెనుభూతమంటారు గాని, ఆమె అనుమానం సంసారంతో సహా వచ్చి కూర్చుంది.

మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఫోనెత్తేసరికి ఎక్కడో ఏడో అంతస్తులో సుత్తి మోగిస్తున్నాడు.

“ఏమండీ, నాకంతా తెలిసిపోయింది.”

సుత్తి చప్పుడు ఆగింది. “ఏం తెలిసింది?”

“మీరూ చిట్టీ కలిసి నా దగ్గర దాచింది.”

అవతల పెద్ద నిట్టూర్పు. “నువ్వు తట్టుకోలేవనే చెప్పలేదే. చీమ చిటుక్కుమంటే చచ్చినంత పని చేస్తావు.”

ఆమె గోడకి ఆనుకుంది. “ఇంకా ఎన్నాళ్ళు?”

“ఒక్క ఏడాది. అంతే.”

“ఏడాదేనా!”

“ఏడాదంటే ఎంతలో గడుస్తుందే! కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది.”

“ఇంత తేలిగ్గా ఎలా అనగలుగుతున్నారండీ?”

“మొదట్లో నాకూ బాధేసింది. తర్వాత అలవాటైపోయింది. చూడు, పిల్లని మాత్రం ఏమీ అనకు, అసలే కుమిలిపోతోంది. పైన మనుషులు ఇరుక్కున్నారు, ఉంటాను.”

ఆమె గ్యాసు కట్టేసింది. కట్టిందో లేదోనని మళ్ళీ వెళ్ళి చూసింది. గుండీలు కుట్టని చొక్కాలు అలాగే మడతపెట్టి, ఎవరైనా కుట్టుకుంటారులే అని పక్కన పెట్టింది. ఉన్న ఏడాదీ కూతురు తనకోసం చదువు పాడుచేసుకోకూడదు. ఆ మాట ఈ పూటే చెప్పాలి. సాయంత్రందాకా ఉంటానో ఊడతానో!

పొద్దుట ఏ నొప్పీ లేని మనిషికి కాలేజీ గేటు చేరేసరికి ఎడమచెయ్యి లాగసాగింది. “మూడో అంతస్తమ్మా,” అన్నాడు వాచ్‌మన్.

“నేను మెట్లెక్కకూడదు బాబూ. గుండెజబ్బు. మా అమ్మాయిని ఒక్కసారి చూసి పోతాను.”

ఆ ‘పోతాను’ విని వాచ్‌మన్ హడలిపోయాడు. ఈల వేశాడు. కుర్రాళ్ళు పరుగున వచ్చారు. ఎవరో కుర్చీ తెచ్చారు, ఎవరో పుస్తకంతో విసిరారు. “అంబులెన్సు పిలవనా?” అని ఒకడంటే, “ముందు కూతుర్ని చూడనివ్వరా, పాపం!” అని ఇంకొకడు కసిరాడు. వద్దు వద్దంటున్నా వినకుండా కుర్చీతో సహా ఆమెను ఎత్తి, ఊరేగింపుగా మూడు అంతస్తులు మోశారు.

తరగతిలో పరిచయాలు సాగుతున్నాయి. ఒక కుర్రాడు నిలబడి తనకు నాలుగు కంప్యూటర్ భాషలు వచ్చని చెబుతున్నాడు. తలుపులోంచి కుర్చీ లోపలికి రాగానే అతను నాలుగోదాని పేరు మరిచిపోయాడు. వెనక బెంచీలో చిట్టి ముఖం సున్నం కొట్టినట్టయింది.

“చిట్టీ, నాకు తెలిసిపోయిందే!” తల్లి చేతులు చాచింది. “నా జబ్బు సంగతి నాకెందుకు చెప్పలేదు తల్లీ? నాకోసం నీ చదువు ఆపుకోకు. ఆ ఏడాది ఎలాగోలా నేనే గడుపుకుంటాను.”

క్లాసంతా లేచి నిలబడింది. ముందు వరుసలో ఒకమ్మాయి ముక్కు చీదింది.

“అమ్మా…” చిట్టి బెంచీలోంచి ఇవతలికి రాబోయింది. “ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం పదమ్మా.”

“కూర్చో,” అన్నాడు లెక్చరర్, చిట్టితోనే. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “అమ్మా, మీ జబ్బువల్లే కిందటేడు పరీక్ష తప్పానని మీ అమ్మాయి రాసింది పొద్దున చదివి నేను నమ్మలేదు. తప్పు నాది కాదు. కిందటేడు ఒకడు సెలవుల కోసం వాళ్ళ తాతను మూడుసార్లు చంపాడు. మీ అమ్మాయి పరీక్ష తప్పింది బద్ధకంతోనే అనుకున్నాను. సగం రోజులు క్లాసుకే వచ్చేది కాదు. ఇంట్లో మంచం పట్టిన తల్లికి సేవ చేస్తోందని నాకేం తెలుసు?”

తల్లి చాచిన చేతులు ఒళ్ళోకి వచ్చాయి.

పరీక్ష తప్పింది. సగం రోజులు రాలేదు. కిందటేడంతా తను పొద్దున్నే లేచి టిఫిన్ డబ్బా సర్దింది. డబ్బా రోజూ ఖాళీగానే తిరిగొచ్చేది. అది ఏ పార్కులో ఖాళీ అయిందో! ‘ఒక్క ఏడాది, అంతే’ అన్న మొగుడి మాటకు ఇప్పుడు అర్థం దొరికింది. అది చిట్టి అదే క్లాసు మళ్ళీ చదవాల్సిన ఏడాది. తనకు ఏడాది కాదు, నూరేళ్ళూ ఉన్నాయి. ఆ క్షణాన అవి మరీ ఎక్కువనిపించాయి.

“తల్లి జబ్బు నిజమైతే ఆ తప్పిన పరీక్షను లెక్కలోంచి తీసేయమని నేను పైవాళ్ళకు చెబుతాను,” అన్నాడు లెక్చరర్. “అబద్ధమైతే మాత్రం సీటు పోతుంది, అది అందరికీ ఒకటే నియమం. మీరు ఇంత దూరం వచ్చారు కాబట్టి మీ నోటితోనే ఒక్క మాట చెప్పండమ్మా. మీ గుండె బాగాలేదా?”

చిట్టి తలెత్తలేదు. నాలుగు భాషలొచ్చిన కుర్రాడు ఇంకా నిలబడే ఉన్నాడు. వాచ్‌మన్ కుర్చీ వీపు వదల్లేదు. వరండాలో ఎవరిదో ఫోను మోగి మోగి ఊరుకుంది. తల్లి కూతుర్ని చూసింది, ఎంతసేపటికీ చూస్తూనే ఉంది.

చివరికి ఆమె పైట సర్దుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది.

“బాగాలేదట సార్. మా ఇంట్లో అందరికీ ఏడాది నుంచీ తెలుసు, నాకే ఇవాళ తెలిసింది.”