అర్జీ విప్పనివారు ఉత్తరం విప్పుతామంటే వద్దంటామా!

ప్రభుత్వం వారు మన ఉత్తరాలు విప్పి చదువుతామంటే దేశమంతా ఎందుకింత గగ్గోలు పెడుతోందో నాకు బోధపడటం లేదు. నన్నడిగితే ఊరూరా పందిళ్లు వేసి పానకం పంచాలి!

పేపర్లో మీరూ చూసే ఉంటారు. ఢిల్లీలో రెండు సభలవారూ ఉత్తరాల బిల్లు పాస్ చేసేశారు. రాష్ట్రపతి గారి సంతకం ఒక్కటే తరువాయి. అదీ పడితే జడ్జి గారి అనుమతి అక్కర్లేదు, కోర్టు కాయితం అక్కర్లేదు. అనుమానం వచ్చిందంటే చాలు, కవరు విప్పెయ్యడమే. బ్రాడీపేట ప్లీడర్లు మండిపడుతున్నారు. ఎలక్షన్లప్పుడు మన గుమ్మంలో రెండు చేతులూ జోడించినవారే అక్కడ ఒక చెయ్యి ఎత్తారట. రెండో చెయ్యి ఎక్కడుందని అడక్కండి. అది అప్పటికే మన కవరు మీద ఉంది.

అయినా ఇందులో కోపమెందుకు? పాపం, ఆ చదివే ఆఫీసరును తలుచుకోండి. రోజుకు నాలుగు వేల ఉత్తరాలు! ప్రతిదాంట్లోనూ 'ఇక్కడ మేమంతా క్షేమం, మీ క్షేమసమాచారములు తెలుపగలరు' అని ఉంటుంది. మన క్షేమం గురించి ఏ ప్రభుత్వమైనా ఇంత ఓపిగ్గా చదివిందా? పెదకాకాని తిరునాళ్లలో మా కోటేశ్వరమ్మ వదిన పోగొట్టుకున్న వెండి పట్టీ సంగతి కేంద్ర మంత్రివర్గం దాకా వెళ్తుంది. నా చేతిరాత కూడబలుక్కోవడానికే ముగ్గురు గ్రాడ్యుయేట్లకు పర్మనెంటు ఉద్యోగాలు దొరుకుతాయి!

మా ఊరి పోస్ట్‌మన్ సుభానీకి ఈ యోగం లేదు. ముప్ఫయ్యేళ్లుగా ఉత్తరాలు మోస్తున్నాడు, ఒక్కటీ విప్పలేదు. కవరు వాసన చూసి లోపల పుట్టుకో చావో చెప్పేవాడు. ఒకసారి మా పెద్దమ్మ ఇంటి వాకిట్లో సైకిలు దిగకుండానే ఏడ్చాడు. కవరు విప్పితే ఏముంది? మా పెద్దమ్మ తోడికోడలు కాశీ నుంచి క్షేమంగా తిరిగొస్తోందని! మరి సుభానీ తప్పు చెప్పాడంటారా?

ఇక ఈ బిల్లు వల్ల నిజంగా లాభపడినవాడు మా యలమందయ్య. అతనికి కాలువ చివర రెండెకరాల మిరపతోట. తోటకు నీళ్లు వదిలే తూము తలుపు తుప్పు పట్టి, మూడేళ్లుగా బెత్తెడు పైకి లేచి అక్కడే ఆగిపోయింది. పైగా ఎవరో మహానుభావుడు దానికొక తాళం కూడా వేశాడు. ఇంజనీరు గారికి పదకొండు అర్జీలు పెట్టాడు. పదింటికి జవాబు లేదు. పదకొండోది వేసిన జిగురు వేసినట్టే, విప్పకుండా తిరిగొచ్చింది.

ఈ ఏడు తోట పూత మీదుంది. ఇరవై రోజుల్లో తడి అందకపోతే పూతంతా రాలిపోతుంది. సరిగ్గా అప్పుడే పేపర్లో ఈ శుభవార్త పడింది. యలమందయ్య ఎగిరి గంతేసినంత పని చేసి, పెళ్లాన్ని కేకేశాడు.

"ఒసేయ్ రాజ్యం! వాళ్లకు రాస్తే చదవరు. మీ తమ్ముడికి రాస్తే చదువుతారే!"

"మా తమ్ముడికి తూము సంగతెందుకూ? వాడు వేటపాలెంలో జీడిపప్పు వలిపించుకుంటున్నాడు."

"వాడు చదవక్కర్లేదే పిచ్చిదానా. మధ్యలోవాళ్లు చదివితే చాలు!"

ఆ సాయంత్రమే కూర్చుని రాశాడు. 'చి. వెంకయ్యకు మీ బావ ఆశీర్వదించి వ్రాయునది' అని మొదలుపెట్టి, తూము తలుపు వెడల్పు, పొడుగు, తాళం నంబరు, ఎండిపోయే ఎకరాలు, అన్నీ రాశాడు. చివర, కాస్త కారంగా ఉండాలని, 'వీళ్లు తెరవకపోతే ఊరంతా కలిసి మేమే ఆ తాళం పగలగొడతాం' అని చేర్చాడు. కవరు మీద లక్క సీలు వేసి, 'పరమ రహస్యం, ఇతరులు విప్పరాదు' అని ఎర్ర సిరాతో రాశాడు. ఇంతకన్నా మర్యాదగా ఏ ప్రభుత్వాన్నైనా ఎవరైనా పిలుస్తారా?

ఫలితం చూడండి! రాష్ట్రపతి గారి సంతకం కోసం కూడా ఆగకుండా, ఐదో రోజుకల్లా జీపు దిగింది. మూడేళ్లుగా మా ఊరికి రోడ్డు బాగాలేదని రాని జీపు! హెడ్డు కానిస్టేబులు దిగుతూనే అడిగాడు.

"యలమందయ్యంటే ఎవరయ్యా?"

"నేనేనండి. తూము బాగుచెయ్యడానికి వచ్చారాండీ?"

"తాళం పగలగొడతామన్నది నువ్వేనా?"

"అంతకు ముందు రెండు పేజీలున్నాయి కదండీ! తలుపు కొలతలు కూడా రాశాను."

"అవి మా డిపార్ట్‌మెంట్ కాదు."

ఆ పూటే తూము దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లను కాపలా పెట్టారు, తుప్పు పట్టిన తలుపును ఎవరూ తెరవకుండా. ప్రభుత్వం మా తూమును పట్టించుకోవడం లేదని ఇకమీదట ఎవరైనా అంటే ఊరుకోను! ఇరవై రోజులూ గడిచి పూత రాలిపోయింది. రాలిన పూతను రాజ్యం చేత్తో ఎత్తి చూసి మళ్లీ అక్కడే పోసింది. కాపలావాళ్లకు తాగడానికి నీళ్లు మాత్రం రోజూ రెండు బిందెలు ఆవిడే మోసుకెళ్తోంది.

వారం తర్వాత వేటపాలెం నుంచి వెంకయ్య కార్డు రాశాడు. 'బావా, నీ కవరు అందింది. లక్క సీలు లేదు. మళ్లీ అంటించిన చోట అన్నం మెతుకులున్నాయి. అక్కను ఇంటి సంగతులేవీ ఉత్తరంలో రాయొద్దను.'

రాజ్యం రెండు నెలలకోసారి తమ్ముడి భార్య కోటిరత్నానికి ఇన్‌లాండ్ కవరు రాసేది. ఆడవాళ్లిద్దరూ ఏం రాసుకునేవారో పదిహేనేళ్లుగా యలమందయ్యకు తెలియదు. ఆ కార్డు చూసిన రోజు నుంచి ఆవిడ కలం ముట్టలేదు.

మొన్నొక మధ్యాహ్నం యలమందయ్య పొలం నుంచి వచ్చేసరికి ఆవిడ గడప మీద కూర్చుని తలెత్తకుండా రాస్తోంది. మూడు పేజీలు నిండాయి.

"ఎవరికే?"

"ఇంజనీరు గారికి."

"నువ్వు అర్జీ పెట్టడమేమిటే?"

రాజ్యం కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"కోటిరత్నానికి చెప్పుకోవాల్సిందండీ. ఎక్కడో ఒక చోట చెప్పుకోకపోతే ఊపిరాడ్డంలేదు. ఆయనకు పంపితే ఎవరూ విప్పరుగా!"

యలమందయ్య చదువుకున్నవాడే. కాయితాలు చేతికందే దూరంలోనే ఉన్నాయి. పెళ్లాం ఉత్తరం మొగుడు చదవడానికి మా ఊళ్లో ఏ సభా చేతులెత్తక్కర్లేదు. అతను వాటిని బోర్లించి మడిచి, కవర్లో పెట్టి, మైదా జిగురు దట్టంగా పూసి, ఆరేదాకా బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు.