మూడో బావిలోని కుండ

ఆ శనివారం పొద్దున నోబిలా తప్సోబా వేసుకున్న పథకం చాలా చిన్నది. మోపెడ్‌లో పెట్రోలు పోయించుకోవాలి, సాయంత్రం తాంపుయి పేటకు వెళ్లి ముసలి నటుడు టింగా సవదొగోను వెనక కూర్చోబెట్టుకుని రావాలి, పొద్దు గూకగానే హజ్జా గారి ఆరుబయట టాకీసులో "మూడో బావి" సినిమా వేయాలి. ఆట అయ్యాక మైకు పుచ్చుకుని ఆ పెద్దాయన్ని ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. కుర్రతనం నుంచీ ఆ ప్రశ్న నోబిలా బుర్ర తొలిచేస్తోంది.

సినిమా చివర్లో హీరో ఎండిపోయిన మూడో బావిలోకి దిగుతాడు. మూతికి గుడ్డ కట్టిన కుండ ఒకటి అడుగున పాతిపెడతాడు. పైకొచ్చి, కెమెరాకేసి చూసి నవ్వుతాడు. అంతే, సినిమా అయిపోతుంది. ఆ కుండలో ఏముంది? ఆఫ్రికా సినిమాల వాగాడుగు చిత్రోత్సవంలో పెద్ద బహుమతి కొట్టేసిన ఆ సినిమా గురించి ఎంతమంది ఎన్ని రాసినా ఈ ఒక్క సంగతీ ఎవరూ తేల్చలేదు. నోబిలా మాత్రం బడిపంతులుగా ఉన్నన్నాళ్లూ పిల్లలకు తేలుస్తూనే వచ్చాడు. ఒక ఏడు కుండలో విత్తనాలున్నాయన్నాడు, మరో ఏడు పూర్వీకుల మట్టి అన్నాడు, రిటైరయ్యే ఏడు అది ఖాళీ కుండ అనీ, ఆ ఖాళీయే మన భవిష్యత్తు అనీ చెప్పి హెడ్మాస్టరు కళ్లు చెమర్చేలా చేశాడు.

"ఏమండీ, ఆయన చెప్పనంటేనో?" అంది భార్య పోకో, గంజి గిన్నె ముందు పెడుతూ.

"ఎందుకు చెప్పడు? ఇంతవరకూ ఎవరూ అడగలేదు, అందుకే చెప్పలేదు."

"మీరు అడిగి అడిగి నా ప్రాణం తీశారుగా. కుండలో ఏముందో ఇరవై సార్లు చెప్పాను, జొన్నపిండి అని."

నోబిలాకు ఈ సాయంత్రం వేళాకోళం కాదు. టాకీసు యజమానురాలు హజ్జా సఫియాతు మొన్ననే తేల్చి చెప్పేసింది. "అందరూ ఫోనుల్లోనే సినిమాలు చూసుకుంటుంటే నా బెంచీల మీద బల్లులు కూర్చుంటున్నాయి నోబిలా. ఈ శనివారం బెంచీలు నిండాయా, సరే. లేదంటే గోదాముకిచ్చేస్తాను, సోమవారం ఇక్కడ సిమెంటు బస్తాలు దిగుతాయి." బహుమతులొచ్చిన మంచి పాత సినిమాలు ఒక్కొక్కటే పేటవాళ్లకు చూపించాలని నోబిలా ఎన్నాళ్లుగానో కలలు కంటున్నాడు. ఆ వరసలో మొదటిదే ఆఖరిదైపోతే అతని గుండె ఆగిపోతుంది.

అందుకని రేడియోలో చదివించే ప్రకటన తానే రాశాడు. చదివించే పని మాత్రం బోనిఫాస్ జెర్బోకు అప్పగించాడు. అదే అతను చేసిన తప్పు. బోనిఫాస్ టాకీసు గేటు దగ్గర మాంసం కాల్చి అమ్ముతాడు, రేడియో ఆఫీసు అతని కుంపటికి ఎదురుగా ఉంటుంది, కాబట్టి పని సులువే. చిక్కల్లా ఎక్కడంటే, బోనిఫాస్ సామోవాడు, నోబిలా మోసీవాడు. ఆ రెండు జాతులకూ తరతరాలుగా బావల వరస. బావ ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు, బావను వెక్కిరించే అవకాశం వస్తే వదులుకోకూడదు. చావింట్లో కూడా ఈ వరస ఆగదు. ఆ మాటకొస్తే చావింట్లోనే ఎక్కువ. మీరు కుక్క తలకాయలు తింటారనీ, మేమే మీ యజమానులమనీ ఒకరినొకరు అనుకోవడం ఆ వెక్కిరింతల్లో పాతవి.

"ఉన్నది ఉన్నట్టు చదివించు బోనిఫాస్."

"నాకా చెప్తున్నావు? మీ తాతలకు అక్షరాలు దిద్దించింది మావాళ్లే."

"నీ కుంపటి మీద కాలుతున్నది మేకో కుక్కో ముందు చెప్పు, అక్షరాల సంగతి తర్వాత."

"మేకే. కుక్క తలకాయ నీకోసం ఇంట్లో దాచానులే బావా."

నోబిలా వెళ్లగానే బోనిఫాస్ కాగితం చదివాడు. కళాఖండం, మానవీయ విలువలు, సామాజిక దృక్పథం. ఇది వింటే సినిమా తీసినవాడు కూడా రాడనుకున్నాడు. పెన్ను తీసుకుని తనకు తోచినట్టు తిరగరాశాడు: "మోసీల మహానటుడు టింగా సవదొగో ఎట్టకేలకు కన్నుమూశాడు. ఏడవదలచినవాళ్లు సాయంత్రం హజ్జా సఫియాతు టాకీసుకు రావాలి. శవం తానే లేచి తన సినిమా చూపించి, అడిగినవాటికి జవాబులు చెబుతుంది. ఇట్లు, మోసీలందరి యజమాని, సామో బోనిఫాస్." ఆ సంతకం వింటే ఊరంతా పడీపడీ నవ్వుతుంది, నవ్విన ప్రతివాడూ సాయంత్రం వస్తాడు. ఉద్దేశం మంచిదే, కాదనలేం.

రేడియో అమ్మాయి గొంతు సవరించుకుని, చావు కబుర్లు చదివే గొంతుతోనే చదివింది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం. "టాకీసుకు రావాలి" అన్న మాట దగ్గర ఊరంతా కరెంటు పోయింది, మిగతాది ఎవరి చెవినా పడలేదు.

పోకో చెంగు నోట కుక్కుకుని వరండాలోకి పరుగెత్తుకొచ్చింది. "ఏమండీ! మీ కుండాయన పోయాడు!"

నోబిలా ఉన్నవాడు ఉన్నట్టు కూలబడ్డాడు. ఫోను చేద్దామంటే టింగా దగ్గర ఫోను లేదు. మోపెడ్ మీద తాంపుయికి వెళ్లేసరికి తలుపుకు తాళం, ముంగిట్లో చాపలు, చాపల మీద ఇరుగుపొరుగు ఆడవాళ్ల శోకాలు. "శవాన్ని టాకీసులో పెడుతున్నారటగా నాయనా, రేడియోలో చెప్పారు," అని వాళ్లే అతన్ని ఓదార్చారు. నిజానికి ఆ వేళకు టింగా బజారు మంగలి దగ్గర కళ్లు మూసుకుని గడ్డం గీయించుకుంటున్నాడు. సభలో మాట్లాడాలి కదా, కాస్త నున్నగా ఉండాలని ఆయన కోరిక.

దారి పొడవునా నోబిలాకు ఏడుపు ఆగలేదు. మనిషి పోయినందుకు ఏడ్చాడు, టాకీసు పోతున్నందుకు ఏడ్చాడు. నిజం చెప్పాలంటే ఎక్కువగా కుండ కోసమే ఏడ్చాడు. ఒక్క రోజు ముందు వెళ్లి అడిగి ఉంటే ఏం పోయేది?

టాకీసు దగ్గరికొచ్చేసరికి ఇల్లు పీకి పందిరేసినట్టుంది. టార్పాలిన్లు కట్టేశారు. చావింటికి తెచ్చే కోలా కాయల బుట్టలు, జొన్న బస్తాలు, పక్క పేటల నుంచి వచ్చిన కుర్చీలు. గేటు దగ్గర బోనిఫాస్ నెత్తీ నోరూ బాదుకుంటున్నాడు.

"అమ్మలారా, ఆయన బతికే ఉన్నాడు! నేనే రాశాను, ఉత్తుత్తికే రాశాను!"

ఒక పెద్దావిడ కళ్లు ఒత్తుకుంటూ అతని భుజం తట్టింది. "చూడండర్రా, సామోవాడంటే ఇలా ఉండాలి. చనిపోయినవాడి ముందు ఎంత చక్కగా వరస తీరుస్తున్నాడో."

"వరస కాదమ్మా, నిజం!"

"అదిగో, మళ్లీ," అని ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. బోనిఫాస్ ఒట్లు వేసినకొద్దీ జనం మెచ్చుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక అతను ఒక మోసీకి నిజం చెప్పడం అదే మొదలు, ఒక్కడూ నమ్మలేదు.

నోబిలా అయినా నమ్ముతాడేమోనని అతని చెయ్యి పట్టుకున్నాడు. "బావా, నీ తోడు. టింగా బతికే ఉన్నాడు."

"ఇవాళ కూడానా బోనిఫాస్?" అన్నాడు నోబిలా. చెయ్యి విడిపించుకున్నాడు. "ఈ ఒక్కరోజుకి వదిలెయ్యి."

ఈలోగా పక్క పేట సామో పెద్దలు దిగారు. చావు కబురు వాళ్ల చెవిన పడ్డాక ఊరుకుంటారా? వాళ్లలో ఒక తాత, బావల వరస ప్రకారం పోయినవాడి వేషం కట్టి, తెల్లగుడ్డ కప్పుకుని తెర ముందు వెల్లకిలా పడుకుని, "నేనే టింగాను! నాకు మాంసం పెడితేగానీ పాతిపెట్టనివ్వను!" అని మొదలుపెట్టాడు.

అప్పుడొచ్చింది హజ్జా సఫియాతు. బెంచీలు చూసింది, జనాన్ని చూసింది, నోబిలాను పక్కకు లాగింది. "నేను జనాన్ని తెమ్మన్నది సినిమాకు. చావుకు కాదు. ఏడ్చి వెళ్లిపోయేవాళ్లు నా లెక్కలోకి రారు. తెలిసిందా?"

తెలిసింది. నోబిలా కాళ్లీడ్చుకుంటూ బ్యాటరీ మైకు దగ్గరికి వెళ్లాడు. సంతాపం చెబుదామనుకున్నాడు కానీ నోటికి కుండే వచ్చింది. మూడో బావి, గుడ్డ కట్టిన మూతి, చివరి నవ్వు, అన్నీ చెప్పాడు. "ఆయన్ని ఒక్క మాట అడగాలనుకున్నాను. ఆ కుండలో ఏముందని. ఇక ఎవరిని అడగను?"

ఏడుపులు ఆగాయి. జనంలో గుసగుస మొదలైంది. సినిమా చూడనివాళ్లు చూసినవాళ్లను పొడిచి పొడిచి అడగసాగారు. ఏం కుండ? ఎందుకు పాతాడు?

"బంగారం," అని ఒకడు లేచాడు. "నేను ఆయనకు మేనల్లుడి వరస. నాతో చెప్పాడు."

"కాదు, మొదటి భార్య గాజులు," అంది ఇంకొకావిడ. "నా చెవిలో చెప్పాడు."

మునిసిపాలిటీ తరఫున దండ తెచ్చిన ఉద్యోగి, ఆ కుండలో ఉన్నది జాతి సమైక్యత అని మైకులో తేల్చేశాడు.

"కుక్క తలకాయ!" అంది తెర ముందున్న శవం.

ఆఖరి బెంచీలో, నల్ల కళ్లద్దాలు, ఇస్త్రీ చేసిన అంగీతో ఒక ముసలాయన చాలాసేపటి నుంచీ కూర్చుని ఉన్నాడు. ఏడ్చేవాళ్లంతా టాకీసుకు కదిలాక ఇంటికి చేరి, తీసుకెళ్లడానికి మనిషి రాకపోతే విసుక్కుంటూ తానే టాక్సీలో వచ్చాడు. ఎవరూ గుర్తుపట్టలేదు, తెర మీద ఆయన కుర్రాడు కదా. ఎవరు పోయారని పక్కావిడను అడిగితే "ఎవరో సినిమాలవాడు తాతా" అంది. మంచివాడేనా అని అడిగితే, "ఏమో, అందరూ అలాగే అంటున్నారు" అంది. పోయింది తానేనని గ్రహించిన ఆయనకు ఆ మాట నచ్చి, ఇంకా ఏమేం అంటారోనని కుతూహలంగా చెవులు రిక్కించాడు. జాతి సమైక్యత వరకు ఓర్చుకున్నాడు. కుక్క తలకాయ దగ్గర లేచి నిలబడ్డాడు.

"నా మధ్యాహ్నం కూడు!"

అందరూ వెనక్కి తిరిగారు. ఆయన కళ్లద్దాలు తీశాడు.

"అన్నం, అలసందలు. డైరెక్టరు గారికి కుండ కావాల్సొచ్చింది. ఆ అడవిలో ఇంకో కుండ దొరకలేదు. నా కూటికుండ మూతికే గుడ్డ కట్టి పాతించాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు నేను. చివర్లో నవ్వానంటున్నారే, అది నవ్వు కాదు నాయనా, ఆకలి!"

"టింగా!" అని ఎవరో కెవ్వుమన్నారు. పక్కావిడ కళ్లు తేలేసింది. అందరికంటే ముందు లేచి పరుగు లంకించుకున్నది తెల్లగుడ్డ కప్పుకున్న సామో తాత. అది చూసి మొదట ఒకరు నవ్వారు, తర్వాత టాకీసంతా గొల్లుమంది. నోబిలా మైకు వదిలేసి పరుగెత్తుకెళ్లి ముసలాయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"చెప్పానా బావా!" అన్నాడు బోనిఫాస్, మెడలు విరుచుకుని.

ఇక అప్పుడు మొదలైంది అసలు గొడవ. అది నవ్వా, ఆకలా? బెంచీలు ఎక్కి మరీ వాదించుకున్నారు. "చూపించండి! మేం చూసి చెప్తాం!" అని కేకలు. హజ్జా జనరేటరు వేయించింది, తెర వెలిగింది. ఆ రాత్రి సినిమా మధ్యలో ఒక్కరు కూడా లేవలేదు. బావి తవ్వుతుంటే ఊపిరి బిగబట్టారు, రెండో బావి కూలితే మళ్లీ ఏడ్చారు, ఈసారి నిజంగా. చివరికి ఆ ముఖం తెర నిండా వచ్చింది. ఎండకు చెమటతో తడిసిన చెంపలు, పగిలిన పెదవులు, వాటి మీద అది, ఏదైతే అది.

నోబిలా పక్కకు చూశాడు. టింగా తెరకేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఆకలేనా పెద్దాయనా?" అన్నాడు నోబిలా మెల్లగా.

"ఏమో నాయనా," అన్నాడు ముసలాయన కళ్లు తుడుచుకుంటూ. "ఇప్పుడు చూస్తుంటే నవ్వానేమో అనిపిస్తోంది."

హజ్జా సఫియాతు బెంచీల మధ్య నుంచి నడిచొచ్చింది. వాదించుకుంటూ ఇంకా కదలని జనాన్ని ఒకసారి కలయజూసింది.

"సిమెంటువాణ్ణి వేరే చోటు చూసుకోమంటాను," అంది. "సరే, వచ్చే నెల ఎవరు పోతున్నారు?"

బోనిఫాస్ ఏమాత్రం తడుముకోకుండా నోబిలా పేరు చెప్పాడు.